ఎవరి గొంతు వాళ్ళకిచ్చిన పాటగాడు

అమెరికా పాటగాడు జాన్ ప్రైన్ మొదటి ఆల్బం 1971లో వచ్చింది. అందులో తొమ్మిదో పాట ‘ఏంజెల్ ఫ్రమ్ మాంట్‌గామరీ’. దాన్ని రికార్డు చేసేనాటికి ఆయనకు పాతికేళ్ళు నిండలేదు. అంతకు కొద్దికాలం ముందు దాకా షికాగో శివారులో భుజాన సంచీ వేసుకుని ఇంటింటికీ ఉత్తరాలు పంచినవాడు. పాట ఎత్తుకుంటూనే తాను వయసు మీరిన ఆడమనిషినని చెబుతాడు. అందుకోసం గొంతు సన్నం చెయ్యడు, అనుకరించడు. ముక్కుతో పలికే తన మామూలు గొంతుతో, పక్కన కూర్చుని మాట్లాడినంత తీరిగ్గా పాడుకుంటూ పోతాడు. వంటింట్లో ఈగలు ముసురుతుంటాయి. పనికి వెళ్ళిన మొగుడు సాయంత్రం ఇల్లు చేరతాడు. చెప్పడానికి వాడి దగ్గర ఒక్క మాటైనా ఉండదు. ఎప్పుడో పడుచుతనంలో చూసిన కౌబాయ్ ఒకడు ఆమెకు గుర్తొస్తాడు. రెండో చరణం దాటేసరికి పాడుతున్నది మగవాడన్న సంగతే మనం మరిచిపోతాం. 1974లో గాయని బానీ రెయిట్ ఈ పాట పాడి ఊరూరా వినిపించింది. ఇది ఆడమనిషే రాసి ఉంటుందని అనుకున్నవాళ్ళుంటే వాళ్ళను తప్పు పట్టలేం.

పాట ఎలా పుట్టిందో ప్రైన్ తర్వాత చెప్పుకొచ్చాడు. ముసలివాళ్ళ ఒంటరితనం మీద అప్పటికే ఒక పాట కట్టాడు. అది నచ్చిన తోటి పాటగాడొకడు అలాంటిది ఇంకొకటి రాద్దామన్నాడు. ఆ విషయం మీద చెప్పగలిగిందంతా చెప్పేశానని ప్రైన్ జవాబిచ్చాడు. కానీ ఆలోచన వదల్లేదు. నడివయసులోనే ఈడుకు మించిన ముసలితనం పైబడినట్టు అనిపించే ఒకావిడ మనసులో మెదిలింది. అంట్లముందు నిలబడి ఉంది, చేతుల నిండా సబ్బు నురగ. అన్నీ అలాగే వదిలేసి ఎటైనా వెళ్ళిపోవాలని ఉంది. ఆమె అంత స్పష్టంగా కనిపించాక ఇక ఆమె గురించి చెప్పడం మానేసి, ఆమెనే చెప్పనిచ్చాడు.

ప్రైన్ పనితనమంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది. పాట చెబుతున్నది ఎవరు, ఎక్కడ నిలబడి చెబుతున్నారు, వాళ్ళకు ఏం తెలుసు, ఏం తెలియదు? ఈ లెక్క తేలాకే ఆయన మాటలు పేర్చడం మొదలుపెడతాడు. తేలిన తర్వాత తాను మధ్యలో దూరడు. వాళ్ళకు తెలియని తెలివిని వాళ్ళ నోట పెట్టడు, వాళ్ళ బాధకు తన వ్యాఖ్యానం తగిలించడు. ఆయన కాలపు అమెరికా జానపద బాణీలో ఆయనకన్నా మంచి గొంతులున్నాయి, ఆయన కన్నా గొప్పగా గిటారు మీటినవాళ్ళున్నారు. ఎవరి మాటను వాళ్ళ నోటనే ఉంచడంలో మాత్రం యాభై ఏళ్ళపాటు అంత నిలకడ చూపినవాడు మరొకరు నాకు కనిపించలేదు.

ప్రైన్ 1946 అక్టోబర్ 10న షికాగోకు పడమర శివారైన మేవుడ్‌లో పుట్టాడు. నలుగురు అన్నదమ్ముల్లో మూడోవాడు. తండ్రి విలియం కార్ఖానాలో అచ్చులూ పనిముట్లూ తయారుచేసే కార్మికుడు, యూనియన్ నాయకుడు. తల్లి పేరు వెర్నా. ఇద్దరిదీ కెంటకీ రాష్ట్రంలోని మ్యూలెన్‌బర్గ్ కౌంటీ, గ్రీన్ నది ఒడ్డున ఉన్న పారడైజ్ అనే చిన్న ఊరు. బతుకుతెరువు కోసం ఉత్తరాదికి వచ్చినా, ఆ ఇంట్లో మాట్లాడే తీరు, రేడియోలో మోగే హ్యాంక్ విలియమ్స్ పాటలు, వేసవి సెలవుల ప్రయాణాలు అన్నీ కెంటకీవే. పిల్లలు షికాగో గాలి పీలుస్తూ కెంటకీ మాట వింటూ పెరిగారు.

మ్యూలెన్‌బర్గ్ కౌంటీకి గిటారు చరిత్రలో ఒక పెద్ద స్థానముంది. కుడిచేతి బొటనవేలు మంద్ర తంతుల మీద అటూ ఇటూ మారుతూ తాళంలా నడుస్తుంటే, చూపుడువేలూ మధ్యవేలూ పై తంతుల మీద పాట వరుస పలికించే పద్ధతి ఒకటుంది. ఆ జిల్లాలో పుట్టిన మెర్ల్ ట్రావిస్ పేరుతో దాన్ని ‘ట్రావిస్ పికింగ్’ అంటారు. ట్రావిస్‌కు అది నేర్పినవాళ్ళు అదే ప్రాంతపు బొగ్గు గని కార్మికులు మోజ్ రేగర్, ఐక్ ఎవర్లీ. వాళ్ళకు దారి చూపినవాడు పొరుగు కౌంటీకి చెందిన నల్లజాతి వాద్యకారుడు ఆర్నల్డ్ షుల్ట్జ్. ఒక్క రికార్డు కూడా మిగల్చకుండా 1931లో చనిపోయాడు. తన తాత ట్రావిస్‌తోనూ ఐక్ ఎవర్లీతోనూ కలిసి వాయించేవాడని ప్రైన్ చెప్పేవాడు. కానీ ఆ విద్య ప్రైన్‌కు తాత నుంచి నేరుగా రాలేదు. 14 ఏళ్ళప్పుడు పెద్దన్న డేవ్ గిటారు పట్టడం నేర్పాడు. తర్వాత షికాగోలోని ఓల్డ్ టౌన్ స్కూల్ ఆఫ్ ఫోక్ మ్యూజిక్‌లో వేళ్ళకు పదును పెట్టుకున్నాడు. ఒక వాగు తాను పుట్టిన ఊరి మీదుగానే మళ్ళీ పారినట్టు, కెంటకీ గనుల్లోంచి బయల్దేరిన వాయిద్యం షికాగో బడి చుట్టి ఆ ఇంటి పిల్లాడి చేతికే వచ్చింది.

ఆ చేతి గురించి ఒక మాట చెప్పాలి. ప్రైన్ పాటల్లో చాలావాటికి మూడు నాలుగు కార్డ్‌లు చాలు. వరుస కూడా పెద్దగా ఎక్కదు, దిగదు. మాట్లాడే గొంతు ఎంత మేర తిరుగుతుందో అంత మేరే తిరుగుతుంది. ఇతరుల పాటలు సరిగా వాయించడం చేతకాక సొంతంగా కట్టుకోవడం మొదలుపెట్టానని ఆయన చెప్పుకునేవాడు. అందులో వినయం ఎంతున్నా, ఫలితం మాత్రం ఆ పాటలకు సరిగ్గా అవసరమైనదే. బొటనవేలు ఆగకుండా నడుస్తుంటుంది కాబట్టి మాటను ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు, కాస్త ఆలస్యంగా వదలొచ్చు, గుర్తొచ్చి చెప్పినట్టు చెప్పొచ్చు. రాగం ఎత్తుకు పోతే మనం పాడేవాణ్ణి మెచ్చుకుంటాం. అది నేలమీదే ఉంటే ఎదుటి మనిషి చెప్పేది వింటాం. ప్రైన్‌కు కావలసింది ఆ రెండోది.

తల్లిదండ్రుల ఊరు మీద ఆయన కట్టిన ‘పారడైజ్’ ఆ మొదటి ఆల్బంలో ఐదో పాట. మూడు మాత్రల నడక, ఎవరైనా గొంతు కలపగల పల్లవి. ఈనాడు కెంటకీలో అది చాలామందికి ఎవరో పూర్వీకులు కట్టిన పాటలాగే తెలుసు. దాని వెనక ఉన్న సంగతి ఇది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మ్యూలెన్‌బర్గ్ కౌంటీలో ఓపెన్ కాస్ట్ బొగ్గు తవ్వకం విపరీతంగా పెరిగింది. పీబాడీ కంపెనీ ప్రపంచంలోనే అతి పెద్ద పార యంత్రాల్లో ఒకదాన్ని అక్కడికి తెచ్చింది. ఆ బొగ్గుతో నడిచేందుకు టెన్నెసీ వ్యాలీ అథారిటీ అనే ప్రభుత్వ సంస్థ ఊరి పక్కనే విద్యుత్ కేంద్రం కట్టింది. 1963లో కరెంటు తీయడం మొదలైంది. బూడిద ఇళ్ళ మీద రాలసాగింది. చివరికి 1967లో ఆ సంస్థే ఊళ్ళో మిగిలిన ఇళ్ళు కొని పడగొట్టించింది. ప్రైన్ అప్పుడు సైన్యంలో ఉన్నాడు. ఊరు పోయిన వార్త అచ్చయిన పత్రికా కత్తిరింపును తండ్రి ఆయనకు జర్మనీకి పంపాడు.

ఈ దుఃఖాన్ని ఇంకొకరైతే తమ గొంతుతోనే నిరసన గీతంగా కట్టేవాళ్ళు. ప్రైన్ దాన్ని ఒక పిల్లవాడికీ తండ్రికీ మధ్య సంభాషణ చేశాడు. చరణాల్లో సెలవుల జ్ఞాపకాలు. పాడుపడ్డ జైలు, తుపాకీతో సీసాలను గురిపెట్టిన పిల్లల ఆట, నది గాలిలో పాముల వాసన. పల్లవిలో కొడుకు ఆ ఊరికి తీసుకెళ్ళమంటాడు. తండ్రి ఇక కుదరదని, ఊరు బొగ్గుబండి ఎక్కిపోయిందని చెబుతాడు. అంతకుమించి అతను కంపెనీని ఒక్క తిట్టు తిట్టడు. పిల్లవాడు మళ్ళీ మళ్ళీ అదే అడుగుతుంటాడు, ప్రతిసారీ అదే జవాబు. పల్లవి తిరిగి రావడమన్నది పాటలో మామూలు విషయం. ఇక్కడ అది పిల్లల మొండి పట్టుగా మారి అర్థం తెచ్చుకుంది.

పీబాడీ కంపెనీ ఈ పాటకు జవాబుగా ఒక కరపత్రం వేసింది. ఊరిని ఖాళీ చేయించింది తాము కాదని, ఆ పాట రికార్డు చెయ్యడానికి వాడిన కరెంటు కూడా బహుశా తమ బొగ్గు చలవేనని అందులో వాదన. కాగితాల లెక్కన చూస్తే మొదటి మాటలో నిజముంది. ఇళ్ళు కొని కూల్చింది ప్రభుత్వ సంస్థ. కానీ పాటలో మాట్లాడుతున్నది కొడుకును ఎలా సముదాయించాలో తెలియని తండ్రి. కళ్ళముందు నేలను పెళ్ళగించుకుపోయిన పేరు ఏదో అదే ఆ తండ్రి నోట రావాలి. రెండు సంస్థల బాధ్యతలను వేరు చేసి వివరించే తండ్రి ఆ పాటలో ఉంటే, అది పాట కాకుండా పోయేది. ఆ విద్యుత్ కేంద్రంలో చివరి బొగ్గు యూనిట్ 2020 ఫిబ్రవరిలో మూతపడింది.

‘పారడైజ్’ను ప్రైన్ తండ్రి కోసం రాశాడు. తండ్రి దాన్ని ఒక్కసారి విన్నాడు, అదీ టేపు మీద. పాట మొదలవగానే లేచి పక్కగదిలోకి వెళ్ళి చీకట్లో కూర్చుని విన్నాడట. ఎందుకని అడిగితే, జ్యూక్‌బాక్స్‌లో వస్తున్నట్టు ఉండాలని అలా చేశానన్నాడు. ఆల్బం బయటికి రాకముందే 1971లో చనిపోయాడు. కొడుకు పాట లోకంలోకి పోయాక ఎలా వినిపిస్తుందో ముందే విని చూసుకున్న ఆ తండ్రిని తలుచుకుంటే నాకు గొంతు పూడుకుపోతుంది.

హైస్కూలు అయ్యాక ప్రైన్ పోస్ట్‌మాన్‌గా చేరాడు. 1966లో సైన్యం పిలుపు వచ్చింది. వియత్నాం వెళ్ళాల్సి వస్తుందేమోనని భయపడుతుండగా పశ్చిమ జర్మనీలోని స్టుట్‌గార్ట్‌కు పంపారు. అక్కడ మోటారు వాహనాల మరమ్మతు పని. తిరిగొచ్చి మళ్ళీ ఉత్తరాల సంచీ ఎత్తుకున్నాడు. ఆ పని తనకు పాటలిచ్చిందని ఎప్పుడూ చెప్పేవాడు. సరైన వీధిలోకి అడుగుపెట్టాక ఇక బుర్రకు పని ఉండదు, కాళ్ళు వాటంతటవే పోతాయి. ఆ నడకలోనే పాటలు అల్లుకునేవాడు. షికాగో చలిగాలి తట్టుకోలేనప్పుడు, వీధి మూలన ఉత్తరాల సంచులు దాచే పెద్ద ఇనప పెట్టెలోకి దూరి మధ్యాహ్నం రొట్టె తినేవాడు. ‘హలో ఇన్ దేర్’ కొంత ఆ పెట్టెలో కూర్చునే రూపు దిద్దుకుంది.

ముసలివాళ్ళ మీద అప్పటికే కట్టాడని పైన చెప్పిన పాట ఇదే. దాని మూలం ఇంకా వెనకటిది. చిన్నప్పుడు వృద్ధాశ్రమంలో పత్రికలు వేసేవాడు. గదిలోకి వెళితే కొందరు ఆ అబ్బాయిని తమ మనవడో మేనల్లుడో అయినట్టు పక్కవాళ్ళకు చూపించుకునేవారట. పాటలో ఒక వృద్ధుడు మాట్లాడతాడు. ముందు తామిద్దరం ఎక్కడ ఉండేవాళ్ళమో చెబుతాడు. పిల్లలు పెద్దయి ఎవరెవరు ఏ ఊళ్ళో ఉన్నారో చెబుతాడు. ఒక కొడుకు కొరియా యుద్ధంలో పోయాడని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు కదులుతాడు. నాకు ఈ వరస ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉంటుంది. ఒక జీవితమంతా చిరునామాల జాబితాగా ఎదుటికొస్తుంది. పోస్ట్‌మాన్ మనుషుల్ని మొదట అలాగే తెలుసుకుంటాడు, ఏ ఇంటి నుంచి ఎవరు వెళ్ళిపోయారో, ఏ పేరు మీద ఇక ఉత్తరాలు రావో. పోయిన కొడుకు గురించి ఆ తండ్రి రెండో వాక్యం మాట్లాడి ఉంటే పాట కన్నీటి కథ అయ్యేది. ఆ మనిషి ఏళ్ళ తరబడి అంతే మాట్లాడుతున్నాడని, అంతకు మించి మాట్లాడలేడని రాసినవాడికి తెలుసు.

చివర్లో పాట వినేవాడి వైపు తిరుగుతుంది. దారిలో ముసలివాళ్ళు ఎదురైతే చూసీ చూడనట్టు పోకండి, పలకరించండి అంటుంది. 24 ఏళ్ళవాడు తనవైపు నుంచి అంటే అది నీతిబోధ అయ్యేది. పలకరింపు కోసం ఎదురుచూస్తున్న మనిషే అడుగుతున్నాడు కాబట్టి మనం తలవంచుకుంటాం.

‘శామ్ స్టోన్’లో పని ఇంకా కష్టమైనది. యుద్ధంలో గాయపడిన సైనికుడు పతకంతో ఇంటికొస్తాడు. నొప్పి తగ్గడానికి ఇచ్చిన మందు వ్యసనమై, మత్తు సూదుల దాకా పోయి ప్రాణం తీస్తుంది. ప్రైన్ దీనికి మొదట పెట్టిన పేరు ‘గ్రేట్ సొసైటీ కాన్‌ఫ్లిక్ట్ వెటరన్స్ బ్లూస్’. అప్పటి అధ్యక్షుడు జాన్సన్ నినాదాన్ని ఎత్తిపొడిచే పేరది. రికార్డుకు వచ్చేసరికి ఆ పొడవాటి వ్యంగ్యం తీసేసి ఒక మనిషి పేరు పెట్టాడు. ఎవరో ఒకరి పేరులాగా ఉన్న ఆ రెండు మాటలతో పాట బరువు ప్రభుత్వం మీద నుంచి ఒక ఇంటి మీదకి దిగింది.

చరణాలు మూడో మనిషి చెబుతున్నట్టు సాగుతాయి, కాస్త ఎడంగా, ఇరుగుపొరుగు చెప్పుకున్నట్టు. పల్లవికి వచ్చేసరికి పిల్లవాడి చూపు ప్రవేశిస్తుంది. నాన్న చేతి మీది గుర్తుకూ, ఇంట్లో డబ్బు లేకపోవడానికీ ఆ పసివాడు తనకు తెలిసినంతలో ముడిపెడతాడు. మత్తుమందు అన్న మాట వాడికి తెలియదు. తెలియదు కాబట్టే మనకు గుండె కలుక్కుమంటుంది. వెనక ఆర్గన్ చర్చిలో మోగినట్టు నెమ్మదిగా మోగుతుంటుంది. ఆ పల్లవిలోనే క్రీస్తు మీద ఒక చేదుమాట ఉంది. జానీ క్యాష్ ఈ పాట పాడినప్పుడు దాన్ని మార్చుకుని పాడాడు. భక్తుడిగా ఆయన ఇబ్బంది అర్థమవుతుంది. కానీ ఆ మాట లేకపోతే పాట సగం చల్లారిపోతుందని నాకనిపిస్తుంది. ప్రార్థనలు ఫలించని ఇంట్లోంచి వచ్చిన మాట అది, ఆ ఇంటివాళ్ళకు దాని మీద హక్కుంది.

అదే ఆల్బంలో జెండా స్టిక్కర్ల మీద ఒక హాస్య గీతముంది. రీడర్స్ డైజెస్ట్ ఒక సంచికతో జెండా స్టిక్కర్ ఉచితంగా ఇచ్చింది. వాటిని పంచిన మర్నాడే ఊరంతా కిటికీల మీదా కార్ల మీదా అవే కనిపించడంతో ప్రైన్‌కు ఆ పాట తట్టింది. జనం పగలబడి నవ్వేవారు. వియత్నాం యుద్ధం ముగిశాక ఆయన దాన్ని పక్కన పెట్టేసి, ఇరాక్ యుద్ధకాలంలో మళ్ళీ తీశాడు. నాకు మాత్రం మిగతావాటి ముందు అది కాస్త తేలిక. అందులో మాట్లాడే మనిషికన్నా రాసినవాడి అభిప్రాయమే ముందు కనిపిస్తుంది. ఎవరూ మాట్లాడకుండానే ఇద్దరు ఒంటరివాళ్ళను పక్కపక్కన నిలబెట్టిన ‘డొనాల్డ్ అండ్ లిడియా’ దానికన్నా చాలా ఎత్తులో ఉంది. బారకాసులో ఒక సిపాయి, కొన్ని మైళ్ళ దూరంలో ఆటల దుకాణంలో చిల్లర మార్చి ఇచ్చే లావుపాటి అమ్మాయి. వాళ్ళు కలుసుకోనే కలుసుకోరు, కలల్లో తప్ప. లోకం నవ్వే ఇద్దరినీ ఆ పాట ఒక్కసారి కూడా నవ్వులపాలు చెయ్యదు.

షికాగోలో ఫిఫ్త్ పెగ్ అనే చిన్న చోట, ఎవరైనా వేదిక ఎక్కి పాడే రాత్రి, ప్రైన్ మొదటిసారి జనం ముందు నిలబడ్డాడు. అప్పుడు పాడిన మూడు పాటలు ‘శామ్ స్టోన్’, ‘హలో ఇన్ దేర్’, ‘పారడైజ్’. మొదటి పాట అయ్యాక చప్పట్లు వినపడలేదు. నచ్చలేదేమోనని భయపడ్డాడు. తర్వాత ఒక్కసారిగా మోగాయి. 1970 అక్టోబర్‌లో సినిమా విమర్శకుడు రోజర్ ఈబర్ట్ చూస్తున్న సినిమా మధ్యలో లేచి వచ్చి, దాహం తీర్చుకోవడానికి అక్కడికే వెళ్ళాడు. సినిమాకు బదులు ఈ పాడే పోస్ట్‌మాన్ మీద షికాగో సన్-టైమ్స్‌లో రాశాడు. ప్రైన్ మీద అచ్చయిన మొదటి సమీక్ష అదే. వెనక్కి నడుస్తూ వెలుగులోకి వచ్చినంత బిడియంగా వేదిక మీదకి వస్తాడని, రెండు పాటలయ్యేసరికి తాగినవాళ్ళు కూడా చెవొగ్గుతారని ఈబర్ట్ గమనించాడు. నాకు తెలిసి ప్రైన్ గురించి అంత తక్కువ మాటల్లో అంత సరిగ్గా చెప్పినవాళ్ళు తక్కువ.

ఆ తర్వాత సంగతులు వేగంగా జరిగాయి. స్నేహితుడు స్టీవ్ గుడ్‌మన్ తన సొంత అవకాశాన్ని వాడుకునే వేళ, నా పాటలు కాదు నా మిత్రుడి పాటలు వినాలంటూ పాటగాడు క్రిస్ క్రిస్టోఫర్సన్‌ను వెంటబెట్టుకొచ్చాడు. కుర్చీలు బల్లల మీదకి ఎత్తేసిన అర్ధరాత్రి వేళ ప్రైన్ వాళ్ళ కోసమే పాడాడు. పాడినవన్నీ మళ్ళీ పాడమని క్రిస్టోఫర్సన్ అడిగాడు. 1971లో న్యూయార్క్ వెళ్ళి ఆయన కార్యక్రమంలో పాడితే అట్లాంటిక్ కంపెనీ పెద్ద జెర్రీ వెక్స్లర్ ఒప్పందం చేసుకున్నాడు. చేతిలో ఉన్న అవకాశాన్ని స్నేహితుడి వైపు నెట్టిన గుడ్‌మన్ అప్పటికే ల్యుకేమియాతో బతుకుతున్నాడు. 1984లో చనిపోయాడు.

డెబ్బైల రికార్డులన్నీ ఒకే స్థాయిలో లేవు. 1975 నాటి ‘కామన్ సెన్స్’లో వాద్యాల హోరు మాటల మీద పడింది. 1978లో గుడ్‌మన్ నిర్మాతగా వచ్చిన ‘బ్రూయిజ్డ్ ఆరెంజ్’తో పాటలు మళ్ళీ ఊపిరి తీసుకున్నాయి. ఆ ఆల్బం పేరు పెట్టుకున్న పాటకు ప్రైన్ చిన్ననాటి సంఘటన ఆధారం. చర్చిలో సేవ చేసే ఒక అబ్బాయి రైలు కింద పడ్డాడు. ఎవరి బిడ్డో తెలియక కొందరు తల్లులు ఎదురుచూశారు. చివరికి తెలిసినప్పుడు ఒక తల్లి కూలిపోతే మిగతావాళ్ళకు మనసు కుదుటపడింది. ఎవరూ దోషులు కాని ఆ క్షణాన్ని ఆయన పాటలో ఉంచిన తీరు చూడాలి. కోపం మోసుకుతిరగొద్దని తనకు తాను చెప్పుకుంటాడు, అదీ ఆ పట్టాల పక్కన నడిచి వెళ్ళినవాడిగానే.

పెద్ద కంపెనీలతో విసిగి 1981లో మేనేజర్ ఆల్ బునెట్టాతో, డాన్ ఐన్‌స్టీన్‌తో కలిసి ‘ఓ బాయ్ రికార్డ్స్’ పెట్టుకున్నాడు. తర్వాతి ఆల్బం ఇంకా రికార్డు కాకముందే అభిమానులు చెక్కులు పంపారు. పాటగాళ్ళు సొంత సంస్థ నడుపుకోవడం అప్పట్లో అరుదు. 1991లో ఆ సంస్థ నుంచే వచ్చిన ‘ది మిస్సింగ్ ఇయర్స్’ గ్రామీ తెచ్చింది. 1995లో వచ్చిన ‘లేక్ మరీ’ గురించి విడిగా వ్యాసమే రాయొచ్చు. చరణాలు పాడడు, చెబుతాడు. ఒక చెరువు పేరు వెనక కథ, తెగిపోతున్న ఒక పెళ్ళి, టీవీలో చూసిన హత్య వార్త. మూడింటికీ మధ్య చుట్టరికం ఏమిటో చెప్పడు. చెప్పేవాడి నోట అవి పక్కపక్కనే దొర్లుతాయి, నిద్రపట్టని మనిషికి జ్ఞాపకాలు వచ్చినట్టు. బాబ్ డిలాన్ తనకు ఇష్టమైన ప్రైన్ పాటల్లో దీని పేరు చెప్పాడు.

1998లో మెడ దగ్గర క్యాన్సర్ బయటపడింది. శస్త్రచికిత్సలో మెడ భాగం కొంత తీసేశారు, రేడియేషన్ ఇచ్చారు. గొంతు బాగా కిందికి దిగి గరగరలాడసాగింది. పాత శ్రుతిలో పాడలేక పాటలన్నిటినీ కిందికి దించుకున్నాడు. అలా దించడంతో పాతవి కొత్తగా అనిపించాయని, తన గొంతు తనకే మొదటిసారి నచ్చిందని చెప్పాడు. 1999లో ఐరిస్ డిమెంట్ మొదలైన గాయనులతో యుగళగీతాల ఆల్బం చేశాడు. 2005లో ఆస్థానకవి టెడ్ కూజర్ ఆహ్వానం మీద లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో పాడాడు. 2013లో ఊపిరితిత్తికి క్యాన్సర్ వస్తే అందులో కొంత తీసేశారు. కోలుకుని మళ్ళీ వేదిక ఎక్కాడు. 2018 నాటి ‘ది ట్రీ ఆఫ్ ఫర్‌గివ్‌నెస్’ చివరి పాటలో స్వర్గం చేరాక తానేం చేస్తానో చెబుతాడు. అక్కడ జబ్బులుండవు కనుక, డాక్టర్లు మాన్పించిన సిగరెట్టు మళ్ళీ ముట్టిస్తాడట. ఏళ్ళుగా ఇతరుల నోట మాట్లాడిన మనిషి అందులో తన పేరుతో, తన ఆకలితో మాట్లాడతాడు. అంత సరదా పాటలో పోయిన తల్లిదండ్రులను, పిన్నులను కలుసుకోవాలన్న కోరిక ఎంత సూటిగా చెప్పాడో వింటేనే తెలుస్తుంది. 2020 ఏప్రిల్ 7న నాష్‌విల్‌లో కోవిడ్ ఆయన్ను తీసుకుపోయింది. వయసు 73.

కొత్తగా వినబోయేవాళ్ళకు నా సలహా ఒకటుంది. 1971 ఆల్బం మొత్తం వినండి. ఆ తర్వాత 2000లో వచ్చిన ‘సూవెనీర్స్’ వినండి. క్యాన్సర్ చికిత్స తర్వాత, దిగిపోయిన గొంతుతో తన పాత పాటలే ప్రైన్ మళ్ళీ రికార్డు చేసిన ఆల్బం అది. ‘హలో ఇన్ దేర్’ రెండింటిలోనూ ఉంది. మొదటిదాంట్లో ఒక యువకుడు ముసలివాళ్ళ పట్ల చూపిన శ్రద్ధ వినిపిస్తుంది, ప్రతి పేరునూ జాగ్రత్తగా పలుకుతాడు. రెండోదాంట్లో ఆయనకు యాభై దాటింది, రోగం చేసిన గాయం గొంతులో ఉంది. మాట ఒక్కటి మార్చలేదు. మార్చాల్సిన అవసరం రాలేదు, ఎందుకంటే ఇనప పెట్టెలో కూర్చుని కట్టిన నాడే ఆ మాటలు ఆ వృద్ధుడివి. కొరియాలో పోయిన కొడుకు దగ్గరికి వచ్చినప్పుడు రెండు రికార్డుల్లోనూ ఆయన ఒకేలా, ఏమీ ఒత్తి పలకకుండా, తర్వాతి వాక్యంలోకి వెళ్ళిపోతాడు.